తెలుగు వికీసోర్స్‌లో అచ్చుదిద్దడం నేర్పే బృందం: ప్రాజెక్టు డైరీ

పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ముందు పెట్టుకుని, కంప్యూటర్ చదివిన పాఠ్యంలో తప్పులు దిద్దడం మా పని. నేర్చుకోవడం, నేర్పడం, పనిచెయ్యడం అన్నీ ఆన్‌లైన్‌లోనే. సభ్యుల్లో గోదావరి జిల్లాల రిటైర్డ్ తెలుగు మాస్టార్లు ఉన్నారు, ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు ఉన్నారు, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, డల్లాస్‌లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎవరికీ జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. అలాంటి గుంపును కదలకుండా కూర్చోబెట్టి ఒక పని నేర్పాలంటే ఏం పనిచేసింది, ఏం చెయ్యలేదు అన్నదే ఈ నోట్సు. కోడింగ్, సంగీతం, కుట్టుపని ఏది నేర్పే గ్రూపుకైనా 2, 3, 5 దశలు పనికొస్తాయి. మిగతావి మా పనికి సంబంధించినవి.

వికీసోర్స్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థదే ఈ ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా. స్కానులో ఉన్న ప్రతి పేజీకీ అక్కడ ఒక 'పుట' ఉంటుంది. ఒకపక్క బొమ్మ, ఇంకోపక్క పాఠ్యం. ఇంకా దిద్దని పుట ఎరుపు, ఒకరు దిద్దాక పసుపు, రెండో మనిషి సరిచూశాక ఆకుపచ్చ. ఖాళీ పుటకు బూడిదరంగు, చిక్కున్న పుటకు ఊదా. పసుపు చేసిన మనిషే ఆకుపచ్చ చెయ్యడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఈ చివరి నిబంధన గుర్తుపెట్టుకోండి. ముందు దానితో చాలా ఇబ్బంది పడ్డాం, తర్వాత మా పద్ధతంతా దాని మీదే నిలబడింది.

దశ 0: పుస్తకం ఎంపిక

1. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి లెక్కపెట్టి 60 ఏళ్ళు గడవాలి. వికీసోర్స్ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి కాబట్టి అక్కడి లెక్క కూడా చూసుకోవాలి. తలనొప్పి లేకుండా 1920 లోపు అచ్చయిన పుస్తకాలే తీసుకున్నాం. ఉదాహరణకు 1919లో కన్నుమూసిన వీరేశలింగం పంతులుగారి పుస్తకాలకు ఏ చిక్కూ లేదు.

2. పాత పుస్తకానికే కొత్త ముద్రణలో ఇటీవలివాళ్ళ పీఠిక ఉంటే ఆ పీఠికకు హక్కు వేరు. పాత ముద్రణ స్కానే వెతకండి.

3. స్కాను మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడండి. మేము మొదట అనుకున్న పుస్తకంలో మధ్యలో రెండు పేజీలు లేవు. పని మొదలయ్యాక బయటపడి ఉంటే పుట నంబర్లన్నీ జరపాల్సివచ్చేది.

4. చిన్న పుస్తకం, వచనం. పద్యకావ్యంతో మొదలుపెట్టొద్దు. పద్యం పుటకు పట్టే సమయం దాదాపు రెట్టింపు.

చివరికి ఎంచుకున్నది 124 పుటల వచన పుస్తకం. ఖాళీలు పోగా దిద్దాల్సినవి 118.

దశ 1: పెద్ద వాట్సాప్ గ్రూపు, పాఠాలు

లింకు నాలుగైదు సాహిత్య గ్రూపుల్లో పెట్టాం, జనం వచ్చారు. వారానికి ఒక ఆన్‌లైన్ క్లాసు పెట్టి స్లయిడ్లు, రికార్డింగు పంపించాం. క్రమం పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది: ముందు వికీ చరిత్ర, తర్వాత ఖాతా, తర్వాత టైపింగ్, తర్వాత ట్యాగులు (అక్షరాల అమరిక చెప్పే గుర్తులు), ఆఖరున పుట. నాలుగో క్లాసుకు గానీ ఎవరూ పుట ముట్టుకోలేదు. అప్పటికి సగం మంది క్లాసుకు రావడమే మానేశారు.

తగిలిన అడ్డంకులు:

1. ఖాతాలు. కాలేజీ పిల్లలు ల్యాబులో అందరూ ఒకేసారి కూర్చుని ఖాతాలు తెరవబోతే ఆరుగురితో ఆగిపోయింది. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి 24 గంటల్లో ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. ఏడో పిల్లాడు ఏదో వైరస్ అనుకున్నాడు. పరిష్కారం సులువే: ముందురోజే ఎవరి ఫోన్ డేటా మీద వాళ్ళు ఖాతా తెరుచుకుని రావాలి. లేదా వికీమీడియా సాంకేతిక విభాగాన్ని ముందుగా అడిగి ఆ రోజుకు సడలింపు తెచ్చుకోవాలి.

2. టైపింగ్. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఫోన్‌లో జీబోర్డు, కంప్యూటర్‌లో లేఖిని, కొందరికి ఇన్‌స్క్రిప్ట్. అందరినీ ఒక్క కీబోర్డుకు మార్చాలని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాలేదు. ఎవరికి అలవాటైనది వాళ్ళనే వాడుకోనిచ్చి, అరసున్న, బండి ఱ ఎలా కొట్టాలో మాత్రం ఒక్కో పద్ధతికీ ఒక చీటీ తయారుచేశాం. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పట్టి ఎక్స్ నొక్కితే ఁ, షిఫ్ట్ పట్టి జె నొక్కితే ఱ. వికీలో అసలు ఏ పరికరమూ లేకుండానే తెలుగు కొట్టొచ్చు: కంట్రోల్ పట్టి ఎం నొక్కితే అక్కడి కీబోర్డు తెరుచుకుంటుంది. ఈ ఒక్క ముక్క మొదటి క్లాసులో చెప్పి ఉంటే మూడు గంటల ప్రసంగం మిగిలేది.

3. ఫోన్. మాస్టార్లలో చాలామందికి కంప్యూటర్ లేదు. ఫోన్ తెర మీద బొమ్మా పాఠ్యమూ పక్కపక్కన పట్టవు. దీనికి మొదటి దశలో దారి దొరకలేదు. దశ 4లో చెప్తాను.

4. పాత సందేశాలు. మధ్యలో చేరినవాళ్ళకు వాట్సాప్‌లో అంతకుముందు జరిగిన మాటలేవీ కనిపించలేదు. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ వచ్చింది. పైగా గుడ్ మార్నింగ్ పూలు, ఎవరో పంపిన కషాయం చిట్కాలు.

లెక్క (దశ 1 ముగిసేసరికి):
గ్రూపులో చేరినవారు 83
ఖాతా తెరిచినవారు 37
ఒక్క పుటైనా దిద్దినవారు 21
రెండో పుట కూడా దిద్దినవారు 8
పసుపు పుటలు 46, ఆకుపచ్చ 0

ఆకుపచ్చ సున్నా. అంటే ఒక్క పుట కూడా రెండో మనిషి చూడలేదు.

దశ 2: ఎక్కడ జారిపోతున్నారు?

83 నుంచి 21కి పడిపోవడం గురించి మొదట బెంగపడ్డాం గానీ, అది పెద్ద విషయం కాదు. ఆన్‌లైన్ బృందాల్లో నూటికి 90 మంది చూస్తారు, 9 మంది అప్పుడప్పుడు చేస్తారు, ఒక్కరు ఎక్కువ పని చేస్తారని వెబ్ వాడకం మీద పనిచేసే నిపుణుడు జాకబ్ నీల్సెన్ 2006లోనే చెప్పాడు. అది ఖచ్చితమైన సూత్రం కాకపోయినా, ఆ లెక్కన చూస్తే మాకు వచ్చిన జనం ఎక్కువే. చూసేవాళ్ళను చూడనివ్వాలి, వాళ్ళను తీసేసి గ్రూపును "శుభ్రం" చెయ్యక్కర్లేదు.

అసలు జారుడు 21 నుంచి 8కి. వీళ్ళు ఖాతా తెరిచారు, టైపింగ్ నేర్చుకున్నారు, గంటకు పైగా కూర్చుని ఒక పుట పూర్తిచేశారు. ఇంత చేసినవాళ్ళు రెండోది ఎందుకు ముట్టుకోలేదు?

పుటల మార్పుల చరిత్ర తెరిచి, ప్రతి మనిషి మొదటి పుట ఎప్పుడు భద్రపరిచారో, దాని మీద ఎవరైనా మొదటి మాట ఎప్పుడు అన్నారో ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేశాం.

ఒక రోజు లోపల జవాబు అందినవారు 9, అందులో రెండో పుట చేసినవారు 6
మూడు రోజులు దాటి అందినవారు, లేదా అసలు అందనివారు 12, అందులో రెండో పుట చేసినవారు 2

చిన్న సంఖ్యలు. వీటితో సిద్ధాంతాలు చెయ్యకూడదు. బాగా చేసినవాళ్ళకే మేము త్వరగా స్పందించి ఉండొచ్చు కూడా. అయినా ఆ 12 మందిలో కొందరికి ఫోన్ చేసి అడిగితే వినిపించిన మాట ఒకటే: "చేశానండీ, కరెక్టో కాదో ఎవరూ చెప్పలేదు. పాడుచేశానేమోనని ఇంక ముట్టుకోలేదు."

వాళ్ళకు అందిన జవాబులు కూడా తిరగేసి చూశాం. సగం బొటనవేలు బొమ్మలు. "సూపర్ సార్" ఇంకొన్ని. అందులో నేర్చుకోవడానికి ఏమీ లేదు.

మార్పులు:

1. క్లాసులు ఆపేశాం. పూర్తిగా. రికార్డింగులు ఎంతమంది చూశారో లెక్క చూస్తే చివరిదాకా చూసినవాళ్ళు ఒక చేతి వేళ్ళు దాటలేదు.

2. వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కు మారాం. కొత్తగా చేరినవాళ్ళు పాతవన్నీ చదువుకోవచ్చు, విషయాలవారీగా గదులు పెట్టుకోవచ్చు: 'మొదటి పుట', 'అక్షరాల సందేహాలు', 'కబుర్లు'. మూడోది ఉండాలి. లేకపోతే కబుర్లు మొదటి రెండింట్లోకి వస్తాయి.

3. మొదటి పుట ఎవరు భద్రపరిచినా 24 గంటల్లో జవాబు. ఆ రోజు డ్యూటీ ఎవరిదో వారం ముందే రాసిపెట్టాలి.

4. జవాబులో మూడే ఉండాలి: బాగా వచ్చినది ఒకటి (పుటలో ఏ వరుసో చెప్పాలి), మార్చుకోవాల్సింది ఒకటే ఒకటి, తర్వాత చెయ్యాల్సిన పుట లింకు. తప్పులు పది ఉన్నా మొదటి రోజు ఒకటే చెప్పాలి. మిగతావి మనం దిద్దేసి, చరిత్రలో ఎలా చూడాలో చూపిస్తే చాలు.

నాలుగో నిబంధన మీద మాలో మాకే గొడవ అయింది. తొమ్మిది తప్పులు వదిలెయ్యడమా అని మాస్టార్లు. కానీ జాబితా మొత్తం పంపిన రెండుసార్లూ అవతలి మనిషి మళ్ళీ కనిపించలేదు.

ఇంకో చిన్న సమస్య: కొన్నాళ్ళకు జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. ఎవరో "ఇది రోబోనా అన్నా?" అని అడిగారు. అప్పుడు అరనిమిషం వాయిస్ మెసేజ్‌లకు మారాం. మనిషి గొంతు వినేసరికి ఎదురు ప్రశ్నలు రావడం మొదలైంది. కాకపోతే వాయిస్‌లో చెప్పింది వెతికితే దొరకదు. అందుకని వారానికొకసారి ఎవరో ఒకరు ఆ వారం వాయిస్‌లన్నీ విని పది వరుసల్లో రాసిపెట్టాలి. ఇది ఎవరికీ ఇష్టం లేని పని, వంతులవారీగా తప్ప జరగదు.

దశ 3: నేర్పే క్రమం తిరగెయ్యడం

ఈ ఆలోచన మాది కాదు. మనుషులు పని ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో అప్రెంటిస్‌ల చదువు గురించి రాసినదాంట్లో లైబీరియాలోని దర్జీల ఉదాహరణ ఉంది. అక్కడ కుర్రాడికి ముందు గుడ్డ కత్తిరించడం నేర్పరు. తయారైన బట్టకు గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం మొదటి పని. తర్వాత కుట్టడం. ఆఖరున కత్తిరించడం. ఆఖరి పని ముందు చేతికి రావడంతో పూర్తయిన బట్ట ఎలా ఉండాలో వాడికి మొదటి రోజు నుంచే తెలుస్తుంది, పాడుచేసినా నష్టం తక్కువ.

మా దగ్గర దీనికి సరిపోయేది ఒకరు దిద్దిన పుటను రెండో మనిషి సరిచూడడం. పసుపు పుటలు 46 పడి ఉన్నాయి, చూసే దిక్కు లేదు. కొత్తవాళ్ళకు ఎర్ర పుట ఇవ్వడం మానేసి, బాగా దిద్దిన పసుపు పుట ఇచ్చి "ఇందులో మిగిలిన తప్పులు పట్టుకోండి" అన్నాం.

కొత్త బ్యాచికి మెట్లు:

1. పసుపు పుట ఒకటి స్కానుతో పోల్చి చదవాలి. తప్పు కనిపిస్తే గ్రూపులో వరుస నంబరుతో చెప్పాలి. ఇంకా ఖాతా కూడా అక్కర్లేదు.

2. అప్పుడు ఖాతా. తాము పట్టుకున్న తప్పు తామే దిద్ది భద్రపరచాలి. మొదటి మార్పు ఒక్క అక్షరమే.

3. ఇలా మూడు పుటలు అయ్యాక, పాతవాళ్ళు పక్కన ఉండగా ఒక పుటను ఆకుపచ్చ చెయ్యాలి.

4. ఆ తర్వాతే ఎర్ర పుట.

ఒకటో మెట్టు కోసమే మేము అప్పుడప్పుడు కావాలని ఒకటి రెండు తప్పులు వదిలేవాళ్ళం. పట్టుకున్నవాళ్ళ ఆనందం చూడాలి. కొందరు మేము వదలనివి కూడా పట్టుకున్నారు.

పాత పద్ధతిలో కొత్తవారికి మొదటి పుటకు సగటున 70 నిమిషాలు పట్టేది. ఈ క్రమంలో వచ్చినవాళ్ళకు మొదటి ఎర్ర పుటకు 40 నిమిషాల లోపే. బ్యాచి కూడా 30 మందికి మించనివ్వలేదు. డ్యూటీ చూసేవాళ్ళం నలుగురమే, అంతకు మించితే 24 గంటల మాట నిలబడదు.

లెక్క (దశ 3 ముగిసేసరికి):
కొత్త బ్యాచి 30, ఖాతా తెరిచినవారు 28
మొదటి పుట 25, రెండో పుట 19
నెల తర్వాత కూడా పనిచేస్తున్నవారు 14
మొదటి పుస్తకంలో కనీసం పసుపు అయినవి 118కి 118, అందులో ఆకుపచ్చ 41

దశ 4: పాత అక్షరాలు, మాస్టార్లు

ఇక్కడ పని నిజంగా ఆగింది. ఆకుపచ్చ చేసిన పుటల్ని యాదృచ్ఛికంగా తీసి చూస్తుంటే, స్కానులో 'వ్రాసిరి' అని ఉంటే పాఠ్యంలో 'వ్రాశారు' కనిపించింది. 'చూచెను' 'చూసెను' అయింది. అరసున్నలు పోయాయి. ఇంకొన్ని చోట్ల దీనికి తలకిందులు: రచయిత అరసున్న పెట్టని చోట వ్యాకరణం ప్రకారం ఉండాలని పెట్టారు. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకోదు.

"తప్పని తెలిసీ ఎలా వదిలేస్తామండీ?" అన్నారు ఒక పెద్దాయన.

"మాస్టారూ, ఇది పిల్లల ఆన్సర్ పేపర్ కాదండీ, రచయిత ఎలా అచ్చువేయించారో అలాగే ఉండాలి" అంది కాలేజీ అమ్మాయి. ఆయన నొచ్చుకున్నారు, రెండు వారాలు గ్రూపులో మాట్లాడలేదు.

17 పుటలు వెనక్కి తిప్పాల్సివచ్చింది. నియమాలు రాసిపెట్టకపోతే ఇది తేలదని, అందరం కూర్చుని ఒక పేజీ చీటీ తయారుచేశాం. ఆ పెద్దాయననే అడిగి రాయించాం. ఈ ఒక్క పని వల్ల ఆయన తిరిగొచ్చారు, చీటీ కూడా మేము రాయగలిగినదాని కంటే బాగా వచ్చింది. సారాంశం:

1. వర్ణక్రమం అచ్చులో ఉన్నట్టే. 'ఱేఁడు' అని ఉంటే 'ఱేఁడు'.

2. అక్షరం ఆకారం వేరు, వర్ణక్రమం వేరు. పాత అచ్చులో వలపలగిలక (అక్షరానికి కుడిపక్కన వేసే ర్ గుర్తు) ఉంటుంది. 'ధర్మము' అన్నది 'ధమ౯ము' లాగా కనిపిస్తుంది. కంప్యూటర్ దాన్ని తొమ్మిది అంకె అనుకుంటుంది. అది రాసే తీరు మాత్రమే కాబట్టి 'ధర్మము' అనే కొట్టాలి.

3. నిండుసున్న ఉన్నచోట నిండుసున్నే ఉండాలి, సున్న అంకె కాదు. తెలుగు అంకె ౦, అక్షరం పక్కన వచ్చే ం చూడడానికి ఒకటే, వెతికితే మాత్రం దొరకవు. భద్రపరిచే ముందు కంట్రోల్ ఎఫ్ కొట్టి ౦ వెతకండి.

4. అరసున్నను కంప్యూటర్ ఇంగ్లీషు సి అక్షరంలానో బ్రాకెట్టులానో చదువుతుంది. వాటిని వెతకండి.

5. 'మ', 'వు' తారుమారవుతాయి. ద, ధ, థ కూడా. వీటికి వెతుకులాట పనికిరాదు, కళ్ళతో చూడాల్సిందే.

6. వరుస చివర విరిగిన మాటను కలిపెయ్యాలి.

7. అచ్చుతప్పే అని గట్టిగా అనిపిస్తే పుట చర్చలో రాయండి. పాఠ్యంలో చెయ్యి పెట్టొద్దు.

ఫోన్ సమస్యకు దారి కూడా ఇక్కడే దొరికింది. కంప్యూటర్ లేని మాస్టార్లు స్కానును పెద్దది చేసుకుని చదువుతారు, తప్పు కనిపించిన వరుస వాయిస్‌లో చెప్తారు. కంప్యూటర్ ఉన్న ఒక విద్యార్థి దిద్దుతాడు. ఈ జంటలు మేము వేసినవి కావు, వాళ్ళంతట వాళ్ళే ఏర్పడ్డాయి. మాస్టారికి అక్షరం తెలుసు, కుర్రాడికి మీటలు తెలుసు. 'ఱ' ఎక్కడ వస్తుందో ఆయన చెప్తుంటే వాడు నేర్చుకున్నాడు. ఎడిట్ చరిత్ర ఎలా చూడాలో వాడు చెప్తుంటే ఆయన నేర్చుకున్నారు. మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ చదువు జరిగింది ఈ జంటల ఫోన్లలోనే అని నా నమ్మకం. దాన్ని కొలవడానికి మా దగ్గర ఏ సాధనమూ లేదు.

లెక్క: మొదటి పుస్తకంలో ఆకుపచ్చ 63.

దశ 5: పోటీ, తర్వాత పోటీ తీసెయ్యడం

రెండో పుస్తకం 212 పుటలు, దిద్దాల్సినవి 204. ఊపు రావాలని రెండు వారాల పోటీ పెట్టాం. ఎక్కువ పుటలు పసుపు చేసినవారికి పుస్తకాల బహుమతి. డ్యాష్‌బోర్డులో రోజూ పేర్ల పట్టిక.

పుటలు మాత్రం ఏరులా వచ్చాయి. రెండు వారాల్లో పసుపు 131.

అప్పుడు నాణ్యత కొలిచాం. ఇది ఎవరైనా చెయ్యొచ్చు:

1. పసుపు పుటల్లోంచి 20 చీటీలు తీసినట్టు తీయండి.
2. ఆ పుటలు దిద్దనివాళ్ళు ఇద్దరు విడివిడిగా స్కానుతో పోల్చాలి.
3. ఇద్దరూ పట్టుకున్న తప్పులు కలిపి లెక్కపెట్టండి.

మొదటి పుస్తకంలో 20 పుటల్లో 42 తప్పులు. పోటీ పుటల్లో 20కి 134. పుటకు రెండు ఉన్నది ఆరు దాటింది. కొన్నింట్లో కంప్యూటర్ చదివింది చదివినట్టే భద్రపరిచి పసుపు నొక్కేశారు. చేసినవాళ్ళను తప్పుపట్టలేం. పట్టికలో లెక్కించింది పుటలనే, వాళ్ళు ఇచ్చిందీ పుటలనే.

ఇంకో నష్టం కూడా జరిగింది. పట్టికలో పైన ఉన్న ముగ్గురికీ మిగతావాళ్ళకూ తేడా పెరిగాక, కింద ఉన్నవాళ్ళు పూర్తిగా ఆగిపోయారు. వారానికి ఒక పుట నెమ్మదిగా, శుభ్రంగా చేసే ఒక గృహిణి "నా ఒక్క పుటతో ఏమవుతుందిలెండి" అంది. ఆవిడ పుటల్లో తప్పులు దాదాపు ఉండవు.

మార్పులు:

1. పేర్ల పట్టిక తీసేశాం. దాని స్థానంలో పుస్తకం బొమ్మ: ఎన్ని పుటలు ఏ రంగులో ఉన్నాయో మాత్రమే. వికీసోర్స్ సూచిక పేజీలో (పుస్తకం పుటల నంబర్లన్నీ వరుసగా ఉండే పేజీ) అది ఎలాగూ కనిపిస్తుంది, కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు.

2. మార్పిడి పద్ధతి. నేను ఒక పుట పసుపు చేస్తే, నీ పసుపు పుట ఒకటి సరిచూస్తాను. నా దాన్ని నేను ఆకుపచ్చ చెయ్యలేను కనుక నాకు నువ్వు కావాలి. మొదటి దశలో ఆకుపచ్చ సున్నా కావడానికి కారణమైన ఆ నిబంధనే జనాన్ని ఒకరితో ఒకరు మాట్లాడించే దారి అయింది.

3. సరిచూసినవాళ్ళు ఏం మార్చారో దిద్దినవాళ్ళకు ఒక వాక్యంలో చెప్పాలి. చెప్పకుండా మార్చితే నేర్చుకునేది ఉండదు.

4. సమీక్ష అధికారం మా నలుగురి దగ్గర నుంచి తీసేశాం. పది ఆకుపచ్చ పుటలు చేసిన ఎవరైనా డ్యూటీ తీసుకోవచ్చు. అప్పటికి మాలో ఇద్దరు అలసిపోయి తప్పుకునే స్థితిలో ఉన్నారు. ఒకరు తప్పుకున్నారు కూడా.

మార్పిడి మొదలయ్యాక మళ్ళీ 20 పుటలు తీసి చూస్తే తప్పులు 35. వేగం బాగా తగ్గింది. అది మాకు సమ్మతమే.

లెక్క (దశ 5 ముగిసేసరికి):
మొదటి పుస్తకం: 118కి 118 ఆకుపచ్చ
రెండో పుస్తకం: 204కి 204 కనీసం పసుపు అయ్యాయి, ఆకుపచ్చ 96
డ్యూటీ తీసుకునేవారు 6

దశ 6: వేళలు, సెలవులు, తాళాలు

శనివారం రాత్రి 8 గంటలకు కలిసి దిద్దే గంట పెట్టుకున్నాం. ప్రసంగం లేదు, అందరూ మౌనంగా పనిచేసుకుంటూ సందేహం వస్తే అడుగుతారు. మనకు రాత్రి 8 అంటే వేసవిలో డల్లాస్‌లో ఉదయం 9:30. నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 8:30. ఆ మొదటి శనివారం డల్లాస్ వాళ్ళు మేము ముగించే వేళకు వచ్చారు. అప్పటి నుంచి కబురులో రెండు సమయాలూ రాస్తున్నాం. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు గానీ అంతకు మించి గానీ ఉంటే గంటకే ఆగుతుంది. దాన్ని అలాగే ఉంచాం, గంట దాటకుండా అదే చూసుకుంటోంది.

పరీక్షల నెలల్లో పిల్లలు ఉండరు. సంక్రాంతికి ఎవరూ ఉండరు. మొదట్లో ఆ ఖాళీ చూసి గ్రూపు చచ్చిపోయిందనుకుని రోజూ గుర్తుచేసేవాళ్ళం, దానితో కొందరు వెళ్ళిపోయారు. ఇప్పుడు ముందే సెలవు ప్రకటిస్తాం, తిరిగి మొదలయ్యే తేదీతో సహా. సెలవు తర్వాత వచ్చేవాళ్ళకు మళ్ళీ ఒకటో మెట్టు పని ఇస్తాం. నెల రోజుల విరామం తర్వాత సరాసరి ఎర్ర పుట ఎవరూ ముట్టుకోరు.

టెలిగ్రామ్ గ్రూపుకు అడ్మిన్ ఒక్కరే ఉండేవారు. ఆయన ఫోన్ పోయి, సిమ్ తిరిగి వచ్చేదాకా కొత్తవాళ్ళను చేర్చుకోలేకపోయాం. అడ్మిన్లు కనీసం ముగ్గురుండాలి, వేర్వేరు ఊళ్ళలో. స్ప్రెడ్‌షీట్ యజమాని కూడా ఒక్కరే కాకుండా చూసుకోండి.

వాడుతున్న పరికరాలు, ఖర్చు

వికీసోర్స్‌లోనే ఉన్న ఓసీఆర్ బటన్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివే సాధనం (గూగుల్, టెసెరాక్ట్ అనే రెండు రకాలూ ఉంటాయి. ఒకే పుటను రెండింటితో చదివించి మంచిది ఉంచుకోండి), టెలిగ్రామ్, ఒక స్ప్రెడ్‌షీట్, మీట్. డబ్బు ఖర్చయింది పోటీ బహుమతులకు మాత్రమే.

దశ 7: ఇప్పుడు

లెక్క: రెండు పుస్తకాలు కలిపి దిద్దాల్సినవి 322, కనీసం పసుపు అయినవి 322, ఆకుపచ్చ 214. ఈ నెల ఒక్క పుటైనా చేసినవారు 17.

తేలనివి రెండున్నాయి. ఒకటి, మాస్టారు-విద్యార్థి జంటల్లో విద్యార్థి డిగ్రీ అయి వెళ్ళిపోతే మాస్టారు కూడా ఆగిపోతున్నారు. ముగ్గురేసి జట్లు వేసి చూస్తున్నాం. ముగ్గురిలో ఎవరు దిద్దాలన్న దగ్గర పని ఆగుతోంది, ఇంకా కుదరలేదు. రెండోది, మూడో పుస్తకం పద్యకావ్యం కావాలని మాస్టార్లు పట్టుబడుతున్నారు. పద్యం పుటకు సగటు 50 నిమిషాలు పడుతోంది, ఛందస్సు తెలియనివాళ్ళకు పాదం ఎక్కడ విరగాలో అర్థం కావడం లేదు. పది పుటలు మాత్రం పరీక్షకు పెట్టాం. అవి ఆకుపచ్చ అయ్యాక తప్పుల లెక్క తీసి, పుటకు మూడు దాటితే వచనానికే తిరిగి వెళ్ళాలని గ్రూపులో ఒప్పందం.